రైలు ముక్క బాగా పండింది

ఎంబీబీఎస్ మొత్తానికి నాకొచ్చిన షీల్డు ఒక్కటే. అది మార్కులకు రాలేదు, ఆటలకు రాలేదు. చచ్చిపోవాలనిపిస్తున్న మనిషిగా అద్భుతంగా నటించినందుకు ఇచ్చారు. నేను నటించలేదు. నిజం చెప్పాను. దానికి హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

మాది రేపల్లె. నాన్న బడిపంతులు, అమ్మ కోర్టులో గుమాస్తా. నాకు మెడికల్ సీటు వచ్చిన ఆదివారం మా లూథరన్ చర్చిలో అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆపి, నన్ను లేపి నిలబెట్టి ప్రార్థన చేశారు. ఆ రోజు నుంచి నాకు పేరు లేకుండా పోయింది. అందరికీ డాక్టరమ్మనే. అనాటమీ పుస్తకం ఇంకా కొననేలేదు, మా వీధిలో పెద్దవాళ్ళు నన్ను ఆపి మోకాళ్ళు చూపించడం మొదలుపెట్టారు. అప్పట్లో అదంతా ముచ్చటగానే ఉండేది. ఆ ముచ్చట ఎంత బరువో మూడో ఏడాదిలో తెలిసింది.

కాలేజీ తెనాలిలో. పేరెందుకు లెండి, అలాంటి కాలేజీలకు కరువేమీ లేదు. అక్కడ మెడిసిన్ విభాగానికి పెద్దగా ఒక సార్ ఉండేవారు. మంచి హస్తవాసి అని పేరు. రోగులతో ఎంత మెత్తగా మాట్లాడేవారంటే, సగం జబ్బు ఆ మాటకే తగ్గేది. ఆ మెత్తదనం మా దాకా వచ్చేది కాదు. రౌండ్స్‌లో నేను కేసు చెబుతూ తడబడితే ఆయన తిట్టేవారు కాదు. రోగి మంచం పక్కన నిలబడి, నవ్వుతూ, “నీ ర్యాంకెంతమ్మా?” అని అడిగేవారు. అంతే. మా కాలేజీల్లో ర్యాంకు అడగడమంటే కులం అడగడమే, కాస్త ఇస్త్రీ చేసి అడగడం. నేను ర్యాంకు చెప్పేదాన్ని. “ఆహా” అని ఆయన పక్క మంచం దగ్గరకు వెళ్ళిపోయేవారు. తోటివాళ్ళు నేల చూపులు చూసేవారు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న, ఒక్క రోజులో ర్యాంకు మారిపోతుందన్నట్టు.

ఆ ఏడాదే ఒక సబ్జెక్టు తప్పాను. ఇంట్లో చెబితే నాన్న, “మళ్ళీ రాస్తే పోలా, దానికేముంది” అన్నారు. ఆయనన్నది నిజమే. కానీ నా బుర్రలో నాన్న మాట నిలిచేది కాదు, సార్ మాటే నిలిచేది. నిద్ర పట్టడం మానేసింది. మెస్‌లో కంచం ముందు కూర్చుంటే ముద్ద గొంతు దిగేది కాదు. ఆ తర్వాత రైలు సంగతి మొదలైంది.

శనివారం సాయంత్రం తెనాలిలో రేపల్లె రైలెక్కేదాన్ని. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన దాటాక మా ఊరు. అదే ఆఖరు, పట్టాలు కూడా అక్కడితో సరి. రైలు ఆగగానే జనం బుట్టలూ సంచులూ సర్దుకుని దిగిపోయేవారు. నేను మాత్రం కిటికీ పక్కన అలాగే ఉండిపోయేదాన్ని. దిగితే డాక్టరమ్మని కావాలి. చర్చిలో, వీధిలో, కూరగాయల బండి దగ్గర అందరికీ నవ్వుతూ జవాబు చెప్పాలి. పనికిమాలిన ఆలోచనలన్నీ ఆ ఖాళీ బోగీలోనే వచ్చేవి. నేనే లేకపోతే ఈ గొడవంతా ఉండదు కదా అన్న మాట తోచిన మొదటిసారి నాకే భయం వేసింది. పోనుపోను అది అలవాటైన చుట్టంలా వచ్చి నా పక్కన కూర్చునేది. బోగీ ఊడ్చేవాళ్ళు వచ్చి, “ఆఖరి స్టేషనండి, దిగండమ్మా” అంటే అప్పుడు లేచేదాన్ని. ఇంటికెళ్ళి రైలు లేటని చెప్పేదాన్ని. ఒకసారి అసలు లేవనేలేదు. అదే రైలు తిరిగి బయల్దేరితే తెనాలి వచ్చేశాను. క్లాసు పెట్టారని అమ్మకు ఫోన్ చేశాను.

ఆ రోజుల్లోనే మా సీనియర్ ఒకతను ప్రాణం తీసుకున్నాడు. కాలేజీ రెండు నిమిషాలు మౌనం పాటించింది. ఆ వారం పరీక్ష మాత్రం వాయిదా పడలేదు. పిరికివాడన్నారు కొందరు. ప్రేమ వ్యవహారమట అన్నారు ఇంకొందరు. ఏదో ఒక కారణం తగిలించేస్తే అది మన దాకా రాదని ధైర్యం కాబోలు. అతను ఎన్నాళ్ళ నుంచి నిద్రపోవడం లేదో, ఎవరితోనైనా చెప్పబోయాడో లేదో ఎవరికీ పట్టలేదు. పేపర్లో వచ్చింది కాబట్టి కాలేజీ ఏదో ఒకటి చేసినట్టు కనబడాలి. ఆత్మహత్యల నివారణ మీద మాకు శిక్షణ పెట్టారు. రోగుల్లో ఎవరికి ప్రమాదం ఉందో మేము ఎలా పసిగట్టాలన్నది విషయం. మాలో ఎవరికి ఉందో ఎవరు పసిగట్టాలన్నది అందులో లేదు. విద్యార్థి సంక్షేమ కమిటీ ఆధ్వర్యంలో అని ఫ్లెక్సీ కట్టారు. ఆ కమిటీకి చైర్మన్ ఎవరనుకున్నారు? ర్యాంకు సారే.

శిక్షణ ఇవ్వడానికి విజయవాడ నుంచి ఒక మేడమ్ వచ్చారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ చెప్పిన ప్రతి మాటా నిజం, ఇవాళ్టికీ రోగుల దగ్గర నేను వాడేది ఆ మాటలే. అనుమానం వస్తే సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు అన్నారు. అవునని జవాబు వస్తే కంగారు పడకండి, నీతులు చెప్పకండి, వినండి అన్నారు. మనిషిని ఒంటరిగా వదలకండి, ఎవరికీ చెప్పనని మాటివ్వకండి, వైద్యం చేసేవాళ్ళ దగ్గరకు మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి అన్నారు. వింటుంటే నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఇంత తేలికైన దారి ఉందా, ఎవరో ఒకరు అడిగితే చాలా అనిపించింది.

తర్వాత మమ్మల్ని జంటలు చేసి, ఒకరిని డాక్టరుగా, ఒకరిని రోగిగా స్టేజీ ఎక్కించారు. నా జంట మా రూమ్మేట్, పొన్నూరు అమ్మాయి. తను డాక్టరు. నాకిచ్చిన పాత్ర పంట పోయిన కౌలురైతు భార్య. మైకు ముందు కూర్చున్నాక కౌలురైతు భార్య ఏమంటుందో నాకు ఒక్క ముక్క తోచలేదు.

“ఏంటమ్మా, ఎలా ఉంది?” అని పెద్ద డాక్టరు గొంతు పెట్టి అడిగింది రూమ్మేట్.

“మా ఊరు ఆఖరి స్టేషనండి,” అన్నాను. “రైలాగాక అందరూ దిగిపోతారు. నాకు దిగాలనిపించదండి. ఇంట్లో అన్నం వడ్డించి నాకోసం చూస్తుంటారని తెలుసు. అయినా కాళ్ళు లేవవు. రోజూ నీ ర్యాంకెంత అని అడుగుతారు. నేనిక్కడ ఉండకూడని మనిషినని నాకే అనిపిస్తోంది. ఇక్కడంటే ఈ కాలేజీలో అని కాదండి. అసలు ఎక్కడా.”

రూమ్మేట్ వెనక తెర మీదున్న ప్రశ్న వైపు చూసి చదివింది. “నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?”

“అవునండి.”

నెలల తర్వాత మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. చెప్పేశాను. హాలు నిండా డాక్టర్లు, కాబోయే డాక్టర్లు, పైగా పొద్దుట్నుంచీ ఇదే పాఠం విన్నవాళ్ళు. ఇంతమందిలో ఒక్కరికైనా అర్థం కాకపోతుందా, ఇక నన్ను వీళ్ళే చూసుకుంటారు అనుకున్నాను.

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. మొదట కొట్టింది ముందు వరసలో ఉన్న సారే. వెనక బెంచీల వాళ్ళు ఈలలు వేశారు. “ర్యాంకు డైలాగు సూపర్!” అని ఎవరో అరిచారు. సార్ మైకు తీసుకుని, “ఆ ర్యాంకు అడిగే ఆయనెవరో మాక్కూడా చెప్పాలమ్మా” అన్నారు. అందరూ పడీ పడీ నవ్వారు. మేడమ్ నా భుజం తట్టి, ఇంత సహజంగా చేసినవాళ్ళను ఎక్కడా చూడలేదన్నారు. ఆవిడ కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. ఆవిడ ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. కానీ ఆవిడకు తిరుగు ప్రయాణానికి టైమైంది.

హాస్టల్‌కి వచ్చాక రూమ్మేట్, “ఏం చేశావే బాబూ! నాకు నిజంగానే ఏడుపొచ్చింది తెలుసా” అంది.

“అది యాక్టింగ్ కాదే,” అన్నాను.

తను నా మొహంలోకి చూసింది. ఒక్క క్షణం తనకు అర్థమైందేమో అనుకున్నాను. “ఇంకా క్యారెక్టర్‌లోనే ఉన్నావా? పద, టీ తాగుదాం,” అని నా చెయ్యి పట్టుకుని లేపింది. తను చెడ్డది కాదు. నాకు జ్వరమొస్తే మెస్ నుంచి గంజి తెచ్చి పెట్టిన పిల్ల. చప్పట్లు కొట్టేసిన దాన్ని నిజమని నమ్మడం ఎవరికైనా కష్టమే కాబోలు. ఆ రోజు మాత్రం ఆ టీ కప్పు గోడకేసి కొట్టాలనిపించింది.

నెల తిరక్కుండానే ఆ కార్యక్రమాన్ని బాపట్లకు తీసుకెళ్ళారు. చుట్టుపక్కల నర్సింగ్ విద్యార్థినులందరినీ ఒక కల్యాణమండపంలో కూర్చోబెట్టారు. బయల్దేరే ముందు సార్ నన్ను పిలిచారు. “ఆ ర్యాంకు మాట తీసెయ్యమ్మా, బయటివాళ్ళ ముందు బాగుండదు. రైలు ముక్క మాత్రం ఉంచు. అది బాగా పండింది.” నా ప్రాణం మీదికొచ్చిన సంగతి ఆయన చేతిలో కత్తిరింపుకి వచ్చింది. తనకు తగిలే ముక్క తీసేసి, తగలని ముక్క ఉంచుకున్నారు.

బాపట్లలో నాకు ఏడుపు రాలేదు. మాటలు అప్పజెప్పినట్టు చెప్పాను. చప్పట్లకేం, వచ్చాయి. తిరిగి బస్సెక్కుతుంటే సార్, “ఈసారి కాస్త తగ్గిందమ్మా. తెనాలిలో ఉన్న ఆ ఫీల్ ఏది?” అన్నారు. తెగించి నోరు తెరిచాను. “సార్, అవి నా సొంత మాటలండి.”

“తెలుసమ్మా. స్క్రిప్టులో లేవుగా. అందుకే అంత సహజంగా వచ్చాయి. నీలో క్రియేటివిటీ ఉంది,” అన్నారాయన. నేను బస్సెక్కి కూర్చున్నాను. నిజం చెబితే నటన అన్నారు. నిజం చెప్పే ఓపిక పోతే నటన తగ్గిందన్నారు. ఇంకెవరికి చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి? ఆ తర్వాతి వారాల గురించి వివరంగా రాయను. రాయడానికి నేను మిగిలి ఉంటానన్న నమ్మకం అప్పుడు నాకు లేదు. అంతవరకు చెబితే చాలు.

మూడోది రేపల్లెలో. మా చర్చి హాల్లో, స్త్రీల సమాజం కోసం. ఈ ఆలోచన కూడా సార్‌దే. సొంత ఊళ్ళో నా ప్రతిభ అందరికీ తెలియాలట. గేటుకి నా ఫొటో వేసి, మా ఊరి డాక్టరమ్మకు స్వాగతం అని ఫ్లెక్సీ కట్టారు. ఆత్మహత్యల నివారణ సభకు ఆ ఫొటోలో నేను పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాను. అమ్మ ఆదివారం చీర కట్టుకుని రెండో వరసలో కూర్చుంది. నేనేం మాట్లాడబోతున్నానో తనకు తెలియదు. చిన్న నాటిక అని మాత్రమే చెప్పాను.

“మా ఊరు ఆఖరి స్టేషనండి,” అని మొదలుపెట్టాను. స్త్రీల సమాజం వాళ్ళు మా ఊరి మాట రాగానే ముసిముసిగా నవ్వుకున్నారు. అమ్మ కూడా నవ్వింది. అన్నం వడ్డించి చూస్తుంటారన్న దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత నేను ఇంకెవరి వైపూ చూడలేదు. రూమ్మేట్ అడిగింది, నేను అవునన్నాను, హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అయ్యగారు లేచి నిలబడ్డారు. సార్ నాకు శాలువా కప్పారు. అమ్మ చేతులు మాత్రం ఒళ్ళోంచి లేవలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చాం. సభలో ఇచ్చిన బిర్యానీ పొట్లాలు బల్ల మీద అలాగే ఉన్నాయి. నాన్న ఇంకా చర్చి దగ్గరే ఉన్నారు. అమ్మ చీరైనా మార్చుకోకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

“పోయిన శనివారం రైలు లేటన్నావు,” అంది.

నేను శాలువా మడత పెడుతూ కూర్చున్నాను.

“నేను కూత విన్నానే. టైముకే వచ్చింది. అన్నం వడ్డించి కూర్చున్నాను. చల్లారిపోతే మళ్ళీ వెచ్చబెట్టాను. అంతసేపు ఎక్కడున్నావు?”

“రైల్లోనే ఉన్నానమ్మా.”

అమ్మ గుమ్మం వదిలి నా దగ్గరకు వచ్చింది. “చచ్చిపోదామనుకుంటున్నావా?”

తెర మీద చూసి చదవలేదు. డాక్టరు గొంతు పెట్టలేదు. “అవునమ్మా,” అన్నాను. అది నాలుగోసారి ఆ జవాబు చెప్పడం. చప్పట్లు లేకుండా చెప్పడం మొదటిసారి.

అమ్మ నన్ను కొట్టింది. వీపు మీద చరిచి చరిచి, అదే చేత్తో నన్ను దగ్గరకు లాక్కుని, బావురుమంది. నేనూ ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి ఇద్దరం నేల మీదే కూలబడ్డాం. నాన్న వచ్చాక అమ్మే చెప్పింది, నా చేత చెప్పించలేదు. అయ్యగారిని పిలుద్దామన్నారు నాన్న. పిలిస్తే ప్రార్థన పెడతారు, ప్రార్థన పెడితే ఊరంతా వస్తుంది, ముందు డాక్టరుకి చూపిద్దాం, ప్రార్థన మనం చేసుకుందాం అంది అమ్మ. ఆ రోజు నా పక్కనే చాప వేసుకుని పడుకుంది. మర్నాడు ఇద్దరూ నన్ను గుంటూరులో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళారు. తెనాలిలో దగ్గరే ఒకరున్నారు కానీ, ఆయన మా కాలేజీలో పాఠం చెబుతారు. రోగిగా ఆయన గదిలో కూర్చుంటే, మర్నాడు విద్యార్థిగా ఆయన క్లాసులో కూర్చోవడం ఎలా? డాక్టర్ల మధ్య బతుకుతూ డాక్టరు కోసం ఊరు దాటాల్సి వచ్చింది.

మందులు మొదలుపెట్టాను. వారం వారం వెళ్ళి మాట్లాడాను. ఒక్కసారిగా తెల్లవారలేదు. ముందు నిద్ర వచ్చింది, తర్వాత ఆకలి వచ్చింది, చాలా ఆలస్యంగా కోపం వచ్చింది. కోపం వచ్చిందంటే తగ్గుతున్నట్టే అన్నారు గుంటూరు డాక్టరు. ఆ లెక్కన ఇప్పుడు నేను మహా ఆరోగ్యంగా ఉన్నాను.

కొన్నాళ్ళు సెలవు కావాలని సార్ దగ్గరకు వెళ్ళాను. నాన్న కూడా వచ్చారు. సంగతి విని సార్ చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. “ఊరందరికీ అంత చక్కగా చెప్పేదానివి, నీకేంటమ్మా?” అన్నారు. ఆ తర్వాత నాన్న వైపు తిరిగి, “ఇది బయటికి రానివ్వకండి మాస్టారూ, రేపు అమ్మాయి కెరీర్‌కి ఇబ్బంది” అని గొంతు తగ్గించి చెప్పారు. రహస్యంగా ఉంచుతానని మాటివ్వకండి అని మేడమ్ చెప్పినప్పుడు ఆయన ముందు వరసలోనే కూర్చుని తల ఊపారు. తలుపు దాకా వచ్చాక ఆయన మళ్ళీ పిలిచారు. క్షమించమంటారేమో అనుకున్నాను. “వచ్చే నెల ప్రోగ్రాముకి ఎవరిని పెట్టమంటావమ్మా?” అని అడిగారు. నాన్న జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పి ఎరగరు. ఆ రోజు కూడా చెప్పలేదు. ఇంటికొచ్చాక మాత్రం ఆ షీల్డు తీసి పాత ఇనుప సామాన్ల బండికి వేసేశారు.

నేను పరీక్ష మళ్ళీ రాశాను, పాసయ్యాను. సార్ ఆ తర్వాత నన్ను ర్యాంకు అడగలేదు. అసలు ఏదీ అడగలేదు. రౌండ్స్‌లో నా దగ్గరకు రాగానే పక్కవాళ్ళ వైపు తిరిగేవారు.

ఇప్పుడు హౌస్ సర్జన్‌ని. మొన్న కొత్త బ్యాచ్‌కి అదే శిక్షణ, అదే హాలు. డ్యూటీ మధ్యలో వెనక గుమ్మం దగ్గర నిలబడి చూశాను. స్టేజీ మీద ఒక సన్నటి పిల్ల మైకు పట్టుకుంది. “మా ఊరు ఆఖరి స్టేషనండి,” అంది. “రైలాగాక అందరూ దిగిపోతారు. నాకు దిగాలనిపించదండి.” అన్నం వడ్డించి చూస్తుంటారన్న దగ్గర ఆ పిల్ల గొంతు సరిగ్గా నాలాగే బొంగురుపోయింది. డాక్టరు పాత్ర అడిగింది. “అవునండి” అంది. చప్పట్లు కొట్టారు.

జనాన్ని తోసుకుంటూ స్టేజీ వెనక్కి వెళ్ళాను. ఆ పిల్ల దూదితో కాటుక తుడుచుకుంటోంది. “అమ్మాయ్, నీకు నిజంగా చచ్చిపోవాలనిపిస్తోందా?” అని అడిగాను.

“అయ్యో, లేదక్కా! యాక్టింగే,” అని నవ్వింది.

నేను వదల్లేదు. మళ్ళీ అడిగాను.

“నిజంగా లేదక్కా. ఒట్టు. మీ వీడియో చూసి బట్టీ పట్టాను. సార్ ప్రతి బ్యాచ్‌కీ అదే చూపిస్తారంట. మాది బాపట్లక్కా, మా ఊళ్ళో రైలు ఆగినట్టే ఆగి మద్రాసు పోతుంది. మాకు ఆఖరి స్టేషన్ ఏంటి!” మళ్ళీ నవ్వింది. “మీరెంత బాగా చేశారక్కా! నిజంగా అలా ఉన్నవాళ్ళు కూడా అంత బాగా చెప్పలేరు.”

వీడియో తీసినట్టే నాకు తెలియదు. ఆ పిల్లకు ఏమీ లేనందుకు నా ప్రాణం కుదుటపడింది. దాని వెంటే ఒళ్ళు మండిపోయింది. నేను దిగలేక కూర్చున్న ఆ బోగీని వీళ్ళు పాఠం చేసుకున్నారు. “నేను ఆ రోజు యాక్టింగ్ చెయ్యలేదమ్మా,” అన్నాను.

ఆమె చేతిలో దూది ఆగిపోయింది. మొహంలో నవ్వు పోయింది. అవతల మైకులో ఆమె పేరు పిలుస్తున్నారు. షీల్డు అందుకోవాలి. రెండోసారి కూడా పిలిచారు.

“వెళ్ళు, నిన్నే,” అన్నాను.

ఆమె కదల్లేదు. “ఇప్పుడెలా ఉందక్కా?” అని అడిగింది.

ఇన్నేళ్ళు చదివిన ఆ కాలేజీలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. బాగానే ఉన్నానని అలవాటుగా అనబోయి ఆగాను.

“మందులు వేసుకుంటున్నాను,” అన్నాను. “ఊరొస్తే దిగుతున్నాను. మా అమ్మ ఇప్పటికీ ప్రతి శనివారం స్టేషన్‌కి వచ్చి, నేను దిగేదాకా బోగీ తలుపు దగ్గరే నిలబడుతోంది.”